మధ్య వరుసలో ఆడే చినత్సుకు

ఇమాబరి,
ఫిబ్రవరి 9.

నా తల్లి చినత్సుకు,

ఇమాబరి జట్టు వసతిగృహం వంటింట్లోంచి తత్సుకో పిన్ని నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. గేటు పక్కన ప్లమ్ చెట్టు రెండు కొమ్మలకు పూసింది. మీ ఊరు యొకొతెలో ఇంకా కిటికీల దాకా మంచు ఉండి ఉంటుంది. మీ నాన్నగారి నడుము నొప్పి ఎలా ఉంది? మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

కొత్త సంవత్సరానికి నువ్వు పంపిన పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ అందింది. పెట్టె మొత్తం తిరగేసి చూశాను, ఒక్క ముక్క రాసి పెట్టలేదు. ఊరగాయకు నోరుంటే నీ కబుర్లు అదే చెప్పేది. ఆడపిల్లలు రెండు పూటల్లో ఖాళీ చేసేశారు. ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే ఉత్తరం పట్టుకున్నాను. దీన్ని మోగి మోగి ఆగిపోనివ్వడానికి వీల్లేదు కదా.

అసలు సంగతి చెబుతాను. మనకు కొత్త కోచ్ వచ్చింది. పేరు హతానో. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, తిండి ఎక్కువ. వచ్చిన రోజే వంటింట్లోకి వచ్చి, టోఫు కోస్తున్న నా ఎదురుగా నిలబడి, నీ ఇంటిపేరు పట్టుకుని, "కుదో ఎక్కడుంది?" అని అడిగింది. వాళ్ల ఊళ్లో ముల్లంగి పొగబెడుతోంది అన్నాను. "ఆ ఊళ్లో పొగబెట్టడానికి ఇంకెవరూ లేరా?" అంది. ఆవిడ నాకు అప్పుడే నచ్చింది.

నీ గురించి చెప్పమంది. పద్నాలుగేళ్లు నా చేతి అన్నం తిన్నదాని గురించి ఎక్కడ మొదలుపెట్టను? హైస్కూల్ అయిపోగానే వచ్చావు, ఇంత మెడ, అంత సంచి. నీ ఉత్తరాది అకితా యాస ఇక్కడ ఒక్కరికీ తెలిసేది కాదు. పగలు తువ్వాళ్ల మిల్లులో తేలిన పోగులు కత్తిరించడం, సాయంత్రం ఫుట్‌బాల్ ఆట. మొదటి వారంలోనే నిన్ను కనిపెట్టాను. భోజనాల బల్ల దగ్గర కూర్చోగానే తల అటూ ఇటూ తిప్పి అందరి పళ్లేలూ చూసేదానివి. ఎవరికి సోయా సాస్ కావాలో, ఎవరి మిసో చారు అయిపోయిందో, వాళ్లు అడగకముందే చేతికి అందించేదానివి. మరి ఇన్నేళ్లుగా ఆడుతున్నావు, గోల్ ఎప్పుడూ కొట్టవేమే అని అడిగితే, "నేను కొట్టను పిన్నీ, కొట్టేవాళ్లకి ఇస్తాను" అన్నావు. మధ్య వరుసలో ఆడేవాళ్ల పనేమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

జాతీయ జట్టు నుంచి పిలుపు వచ్చిన రోజు మిల్లులో మగ్గాలు ఆపి చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజర్ ఒచి గారు నీ టీవీ ఆట కోసం సెలవు పెట్టాడు. ఆడించింది చివరి కాసేపే అయినా, ఆయన దాన్ని ఇప్పటికీ పూర్తి ఆటగానే చెప్పుకుంటాడు. ప్రపంచ కప్పు జాబితాలో నీ పేరు లేదని తెలిసిన రోజు మాత్రం నువ్వు తిన్నగా వంటింట్లోకి వచ్చి, "స్క్విడ్ శుభ్రం చేసేది ఏమైనా ఉందా?" అన్నావు. ఉంది అన్నాను. నిజానికి ఆ రోజు వంట కోడికూర. నువ్వు చేతులు కడుక్కుని వచ్చేలోగా పరుగెత్తి వెళ్లి బజార్లో కొనుక్కొచ్చాను. అవి కక్కిన సిరా మరకల చేతులతో ఇద్దరం గిన్నెడు స్క్విడ్ బాగుచేశాం. రెండు రోజులు అందరికీ అదే కూర.

ఆ తరవాత ఆడటానికి జర్మనీ వెళ్లావు. అక్కడి రొట్టె ఇటుకలా ఉందని, జట్టు పిల్లలు మాత్రం మంచివాళ్లని కార్డు రాశావు. రెండేళ్లకు తిరిగి వచ్చావు, వచ్చిన ఏడాదే మోకాలు పోయింది. ఆపరేషన్ అయ్యాక నిన్ను కింద నా పక్క గదిలో పడుకోబెట్టాను. కుంటుతూ వంటింటి చుట్టూ తిరిగి నడక మళ్లీ నేర్చుకున్నావు. "ఇక చాలదా?" అని నేను అడిగినందుకు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "చాలు అని నాకు అనిపించాలి పిన్నీ, మోకాలికి కాదు" అన్నావు. మళ్లీ ఆడావు. మునుపటంత పరుగు లేకపోయినా, చూపు ఇంకా పదునెక్కింది.

మా హమచి మిత్సుకిని మనిషిని చేసింది కూడా నువ్వే. మన పక్క జిల్లా కోచి నుంచి వచ్చిన ఆ పొడుగాటి గోల్‌కీపర్ పిల్ల, పందొమ్మిదేళ్లది, వచ్చిన కొత్తలో ప్రతి ఆటకు ముందూ వాంతి చేసుకునేది. నువ్వు వీపు రాస్తూ, "మొత్తం కక్కేయ్, బరువు తగ్గితే ఎగరడం తేలిక" అనేదానివి. అది ఏడుస్తూనే నవ్వేది.

ఇక అక్టోబరు ఆట సంగతి. అది రాయకుండా ఈ ఉత్తరం ముందుకు పోదు. డ్రా అయినా పై లీగ్‌లో ఉండేవాళ్లం. వాన. ఆట అయిపోవస్తోంది. నువ్వు వెనక్కి, మిత్సుకికి ఇచ్చిన బంతి మధ్యలో నీళ్లలో ఆగిపోయింది, వాళ్ల పిల్ల అందుకుని గోల్ కొట్టేసింది. అంతే, కింది లీగ్‌కి వచ్చి పడ్డాం. నువ్వు పేపరువాళ్ల ముందు తల వంచి, "తప్పు నాది. చూడకుండా ఇచ్చాను" అన్నావు. ఇనప పెనం మీద కోడి కాల్చే కొట్టు దగ్గర ఒకడు, "ముసలిదాన్ని ఆడిస్తే ఇంతే" అంటే, నా చేతిలో బీరు గ్లాసు ఉంది, ఇంకేం చెప్పను, వాడి చొక్కా తడిసింది. క్లబ్బు పెద్దలు నీ ఒప్పందం పొడిగించలేదు. నేను చేపల బజారుకు వెళ్లిన ఉదయం చూసి, గది ఊడ్చి, దుప్పట్లు మడిచి వెళ్లిపోయావు. కోపం రాలేదని అబద్ధం చెప్పను.

ఒక్క మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. చూడకుండా ఇచ్చావా? సోయా సాస్ కూడా చూడకుండా ఇవ్వనిదానివి.

ఇప్పుడు హతానో గారు ఏమంటోందంటే, క్లబ్బు పెద్దలతో తాను మాట్లాడిందట, వాళ్లు ఒప్పుకున్నారట. నెలాఖరులోగా నీ పేరు నమోదు కావాలి, లేకపోతే ఈ ఏడాదికి లేదు. సగం ఆటే ఆడిస్తుందట, మోకాలిని చూసుకునే మనిషి ఉందట. జట్టులో అందరూ ఇరవై ఏళ్ల లోపు పిల్లలే, బంతి దొరికితే కోళ్లు వదిలినట్టు తలో దిక్కుకీ పరుగు. "వీళ్ల మధ్య తలెత్తి చూసే మనిషి ఒక్కరు కావాలి" అంది. ఒచి గారు మిల్లులో నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు, అడిగితే తేలిన పోగులు ఇంకెవరికీ కనపడవు అంటాడు.

రాను అనే హక్కు నీకుంది తల్లీ. చాలు అనిపిస్తే చాలు అనుకో, నేను ఒక్క మాట అనను. కానీ అది సిగ్గుతో కాకూడదు. నిజంగా చాలు అనిపించి అను, ఫోన్ ఎత్తి నాతో అను.

వేళకు తిను. ముల్లంగి పొగలో కళ్లు పాడుచేసుకోకు.

ఎప్పటికీ నీ వైపు ఉండే
ఇవాబుచి తత్సుకో పిన్ని

తా.క.: ఈ కవరు మీద స్టాంపు లేదని చూసే ఉంటావు. దీన్ని పోస్టులో వెయ్యలేదు. పైదంతా రాసి పెట్టుకున్నాక, ఈ ఉదయం టిఫిన్ దగ్గర మిత్సుకి చాప్‌స్టిక్స్ కింద పెట్టి, హతానో గారి ముందే, అందరి ముందే చెప్పేసింది. "ఆ రోజు వెనక్కి ఇవ్వమని అరిచింది నేను. కుదో అక్క నన్ను చూసే ఇచ్చింది. నేను ముందుకొచ్చి, భయమేసి, మళ్లీ ఆగిపోయాను." మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను. బట్టలు మార్చుకునే గదిలో నువ్వు దాని చెవి పట్టుకుని, "నీకు ఇంకా పదిహేనేళ్ల ఆట ఉంది, నాకు ఒకటో రెండో. నోరు మూసుకో" అన్నావట. ఇప్పటికీ ఆ చెవి మండుతూనే ఉందట.

ఆ మాట నీతో ఎదురుగా చెప్పాలని పట్టుబట్టింది. సరే అని ఉత్తరం దాని చేతికే ఇచ్చి రైలెక్కించాను. ఇప్పుడు నీ గుమ్మం ముందు నిలబడి, నువ్వు చదువుతుంటే తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నది అదే. దారిలో ఏమీ తిని ఉండదు, ముందు అన్నం పెట్టు. ఆట సంగతి తరవాత. తలుపు మాత్రం వేసేయకు, వేసినా లాభం లేదు. అది గోల్‌కీపరు, ఎంతసేపైనా అక్కడే నిలబడుతుంది.