ఒంటిచెయ్యి చొక్కా

తొండియార్‌పేట, మద్రాసు
12-8-1954

అక్కా,

కులాసా అని రాస్తే నువ్వు నమ్మవు, అందుకే ఉన్నది రాస్తున్నాను.

నాకు ఏడో నెల. కాన్పుకు ముందు బిడ్డకు కొత్త బట్ట కుట్టకూడదని అత్తయ్య నన్ను మిషను దగ్గరికి రానివ్వడం లేదు. కుట్టు లేకపోతే నాకు పొద్దుపోదని నీకు తెలుసు. ఆమె గుడికి వెళ్ళినప్పుడల్లా, రవికకు తెచ్చుకున్న వాయిల్ ముక్కతో చేత్తోనే చిన్న చొక్కా కుట్టాను. మెడ చుట్టూ పచ్చదారంతో గొలుసుకుట్టు వేశాను. ఎంత ముద్దుగా వచ్చిందో! ఒక చెయ్యి మాత్రం కావాలనే అతకలేదు. పూర్తికానిది బట్ట కిందికి రాదని నా ధైర్యం.

నిన్న మా ఆడబిడ్డ కుముదిని దాన్ని నా పెట్టెలో చూసింది. "ఏం వదినా, ఒక చెయ్యి అట్నే విడిచిపెట్టినావే? నేనే కుట్టేసినా" అని సంబరంగా తెచ్చి చూపించింది. నా దగ్గర నేర్చుకున్న కుట్టే. పాపం, దాన్ని ఏమనను?

అప్పటినుంచి అన్నం సహించడం లేదు. పోయినసారి అత్తయ్య మాట విని సూది కూడా ముట్టలేదు. అయినా బిడ్డ దక్కలేదు. మరి ఇప్పుడు ఈ భయం ఎందుకో నాకే తెలియదు.

మీవాడి చిన్నప్పటి పాత చొక్కా ఒకటి వెంటనే పంపు. పుట్టగానే ముందు అదే తొడుగుతాను. దీన్నేం చేయాలో నువ్వే చెప్పు.

ఆ చెయ్యి విప్పమని మాత్రం రాయకు.

నీ చెల్లెలు