ఆరు గంటల భోంపూ

రాయపూర్,
5-4-1949

పూజ్యులు మల్లేశ్వరరావు మావయ్య గారికి అల్లుడు చిన్నారావు సాష్టాంగపడి రాసుకున్నది.

ఇక్కడ అందరం క్షేమమే, నా పరువు తప్ప.

ఆదివారం పొద్దున్న మీరూ అత్తయ్య గారూ పార్వతీపురం వెళ్ళే బండిలోనే మేమూ మందిర్ హసౌద్ దాకా వచ్చి దిగాం గదా. మీరు రిటైరయ్యాక రైలు షెడ్డులో వేళకు కూత వేసే భోంపూ ఊదే ఉద్యోగం నాకు వచ్చినందుకు, మన క్వార్టర్ల లైన్లోని పద్నాలుగు మందికి అక్కడి మామిడితోటలో విందు చేశాను. పులిహోర, గారెలు, బూరెలు. మీ అమ్మాయి రమణమ్మ చేతి వంట గురించి మీకు వేరే చెప్పాలా? చీకటి పడేలోపే బండిలో ఇల్లు చేరాం.

తెల్లారితే సోమవారం, నా మొదటి డ్యూటీ. ఆ పొద్దున్న ఏం జరిగిందో రాద్దామని ఇప్పటికి రెండు కాగితాలు చింపాను. చెయ్యి రావడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క నిమిషం తేడా లేకుండా మీరు ఊదిన భోంపూ అది. మీ పేరు ఒక్క పూటలో మట్టిలో కలిపాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇట్లు, మీ ముందు నిలబడే మొహం లేని
చిన్నారావు

తా.క.: బూరెల్లో నా వాటా పదిహేడు. దీనికీ దానికీ సంబంధం ఉంది.

&nbsp;

పార్వతీపురం,
8-4-1949

చిరంజీవి చిన్నారావును మావయ్య మల్లేశ్వరరావు దీవించి రాయునది.

నీ ఉత్తరం చూశాను. నువ్వు దాచినా నాకు అర్థమైంది. బూరెలు పదిహేడు తింటే కడుపునొప్పి వస్తుంది గాని సిగ్గెందుకు వస్తుందోయ్? ఆ తోటల వైపు ఇప్పసారా దొరుకుతుందని నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కు.

జరిగిందేదో జరిగింది. కుర్రతనం. రమణమ్మ కాళ్ళు పట్టుకో. సారా వాసనతో భోంపూ దగ్గరికి వెళ్ళావా? అది నాకు గుడితో సమానం. ఎండా వానా, పెళ్ళీ చావూ దేనికీ నేను ఒక్క పూట ఆలస్యంగా వెళ్ళి ఎరగను. మనిషన్నాక క్రమశిక్షణ ఉండాలి. అది పుట్టుకతో రావాలి గాని ఒకరు నేర్పితే వచ్చేది కాదు.

ఇట్లు,
మల్లేశ్వరరావు

తా.క.: మీ అత్తయ్య నిన్నటి నుంచీ ఏడుస్తోంది. నీ చేత తాగుడు మాన్పించమని నీ తలనీలాలు సింహాచలం అప్పన్నకు మొక్కేసింది. నిన్నూ అడగలేదు, నన్నూ అడగలేదు.

&nbsp;

రాయపూర్,
11-4-1949

పూజ్యులు మావయ్య గారికి,

నమస్కారాలు. అయ్యో, సారా కాదు! రమణమ్మ మీద ఒట్టు. ఇక దాచను, చదవండి.

సోమవారం నాకు అయిదున్నరకే మెలకువ వచ్చింది. ఒంట్లో బాగానే ఉంది, బూరెల మత్తు తప్ప. కాని బుద్ధెరిగినప్పటి నుంచీ మీ ఆరు గంటల భోంపూ వినకుండా నేను పక్క దిగిన రోజు లేదు. 'ఇంకా కూయలేదు గదా, కాసేపు పడుకుందాం' అని ముసుగు తన్నాను. కాసేపటికి మళ్ళీ చెవి పెట్టి విన్నాను. కూయలేదు. పక్కింటి పైడమ్మ పిన్ని కూడా పొయ్యి వెలిగించలేదు. లైనంతా భోంపూ కోసం చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఊదవలసిన వాణ్ణి నేనేనని ఎండ మొహమ్మీద పడ్డాక గుర్తొచ్చింది!

చొక్కా గుండీలు పెట్టుకోకుండా పరిగెత్తాను. ఆరు గంటల కూత ఏడూ పదికి ఊదాను. ఆ తప్పు చాలక, పనిలోకి పిలిచే ఏడు గంటల కూత కూడా ఇంకో గంట ఆగి ఊదాను. అందరూ కూతకు సరిగ్గా వచ్చారు. 'ఏటో, ఇయాల ఎండ బేగి ఎక్కిసింది' అనుకున్నారు గాని, ఒక్కరికీ అనుమానం రాలేదు.

మా పెద్ద సాహెబు వచ్చి షెడ్డు గడియారం చూస్తే ఎనిమిదీ పది. 'భోంపూ గలత్ నహీ హో సక్తా' అన్నాడు. మల్లేశ్వరరావు ఇంటి భోంపూ తప్పదట, గడియారమే పరిగెత్తిందట! ముల్లు వెనక్కి తిప్పించాడు. సాయంత్రం స్టేషను టైముతో చూస్తే గడియారం గంటకు పైగా వెనకబడింది. పొద్దున ముందుకి, సాయంత్రం వెనక్కి పోయే గడియారం ఎక్కడైనా ఉంటుందా? తప్పంతా దానికి కీ ఇచ్చే దానయ్య గారి మీద పడింది. ఆయన రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఉద్యోగం తీసేస్తామంటున్నారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. సిగ్గంటే ఇదీ, మావయ్యా.

ఇట్లు, మీ అల్లుడినని చెప్పుకోలేని
చిన్నారావు

తా.క.: దానయ్య గారికి మతి తప్పిందని కూడా అంటున్నారు. ఆ సోమవారం తెల్లవారుజామున తాళం వేసి ఉన్న మీ పాత క్వార్టరు తలుపు గంటసేపు బాదాడట.

&nbsp;

పార్వతీపురం,
14-4-1949

చిరంజీవి చిన్నారావుకు దీవెనలు.

అల్లుడూ, నీ మనసు వెన్న. ముసలివాడి ఉద్యోగం పోతుందని నేరం నీ నెత్తిన వేసుకుంటున్నావు. నేను చేసిన సిఫారసు మీద ఉద్యోగంలో చేరినవాడు మొదటి రోజే పడుకుండిపోతాడా? చెవిలో పువ్వు పెట్టకు.

అందుకే ఇక్కడి హైస్కూలు మాస్టారి చేత సాహెబుకు ఇంగ్లీషులో రాయించాను. 'మా అల్లుడు జాలిగుండెవాడు, తప్పు తనదేనని వచ్చి చెప్పవచ్చు, నమ్మవద్దు' అని. మాస్టారు మంచి మంచి మాటలు వేశాడు. సగం నాకే అర్థం కాలేదు.

ఇట్లు,
మల్లేశ్వరరావు

తా.క.: ఆ తలుపు సంగతి మళ్ళీ రాయకు. ఎవరితోనూ అనకు. ఎండలకు ముసలివాళ్ళకు అలాగే ఉంటుంది.

&nbsp;

రాయపూర్,
18-4-1949

పూజ్యులు మావయ్య గారికి,

నమస్కారాలు. నన్ను నిలువునా ముంచారు.

శనివారం ధైర్యం తెచ్చుకుని సాహెబు గదికి వెళ్ళాను. 'హుజూర్, ఆ రోజు నేనే ఆలస్యంగా ఊదాను' అన్నాను. ఆయన సొరుగులోంచి మీ ఉత్తరం తీసి, 'శాబాష్!' అని నా భుజం తట్టాడు. కాదు మొర్రో అన్న కొద్దీ ఇంకా గట్టిగా తట్టాడు. సాయంత్రం షెడ్డులో వాళ్ళందర్నీ పిలిచి, సాటి మనిషి కోసం నింద మోసేవాడంటే వీడూ అని నా మెడలో బంతిపూల దండ వేయించాడు. దానయ్య గారు కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

ఆయన్ని మాత్రం ఈ ముప్పయ్యో తారీఖుతో తీసేస్తున్నారు. ఇంటికి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. లేవదీసి, 'నీ తలుపేదో నాకెవులూ సెప్పనేదు బావూ' అన్నారు. ఈ మాటకు అర్థమేమిటి? మీకేమైనా తెలుసా?

ఆ రోజు నుంచీ నేనూ రమణమ్మా తెల్లవార్లూ వంతులు వేసుకుని మేలుకుంటున్నాం. మీరు ముప్పై ఒక్క ఏళ్ళు ఎలా లేచారు మావయ్యా?

ఇట్లు, దండ బరువు మోయలేని
చిన్నారావు

తా.క.: సింహాచలం దూరం గనుక గుండు ప్రస్తుతానికి ఇక్కడే చేయించుకున్నాను. తాగకపోయినా మొక్కు మొక్కే. దానయ్య గారి కోసం చేయించుకున్నానని లైన్లో వాళ్ళు ఇంకో దండ వేశారు.

&nbsp;

పార్వతీపురం,
21-4-1949

చిరంజీవి చిన్నారావుకు,

ఈసారి దీవెనలు రాయను. దీవించడానికి నేనెవణ్ణి?

ఎలా లేచానని అడిగావు. నేను లేవలేదురా. రోజూ అయిదున్నరకు దానయ్య గడియారానికి కీ ఇవ్వడానికి వెళ్తూ నా తలుపు కొట్టేవాడు. నేను 'ఊ' అనేదాకా కొట్టి వెళ్ళిపోయేవాడు. చేరిన కొత్తలో ఒకసారి నేనూ నీలాగే భోంపూ కూస్తే లేద్దామని పడుకుండిపోతే, ఆ రోజు నుంచి మొదలుపెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారైనా ఎవరితోనూ అనలేదు. అతను అనలేదని నేనూ అనలేదు. రిటైరైనప్పటి సన్మానంలో నా క్రమశిక్షణ గురించి పొగుడుతుంటే, మూడో వరసలో కూర్చుని వింటున్నాడు.

నీకు తాళాలు అప్పజెప్పాను, నూనె డబ్బా అప్పజెప్పాను. దానయ్యను అప్పజెప్పడానికి సిగ్గేసింది. నువ్వు నా క్వార్టరులోకి మారావనుకుని పాపం, ఆ తాళం తలుపు బాదాడు. నీ తా.క. చదివిన రోజే నాకు తెలిసిపోయింది. తెలిసే సాహెబుకు ఆ ఉత్తరం రాయించాను. నీ సిగ్గు ఒక్క పూటది. నాది ముప్పై ఒక్క ఏళ్ళది.

ముప్పయ్యో తారీఖు లోపల వచ్చి సాహెబుకు నా నోటితో చెబుతాను. మాస్టారి ఇంగ్లీషు అక్కర్లేదు. ఈలోగా నువ్వు చెయ్యవలసింది ఒకటుంది. ఉత్తరం అందగానే దానయ్యను చెయ్యి పట్టి తీసుకొచ్చి నీ తలుపు చూపించు. కొట్టమని నేను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య

తా.క.: నిజానికి ఈ ఉత్తరంతో పని లేకుండా నేనే ఇవాళ పొద్దుటి బండికి బయల్దేరాలి. లేచేసరికి వెళ్ళిపోయింది. రేపు మీ అత్తయ్యను లేపమన్నాను. అది నవ్వి, అవతలి పక్కకి తిరిగి పడుకుంది.