పిడుగు కూతురు గెలిచింది

అన్నయ్యా,

రేసు నుంచి వచ్చీరాగానే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు. మన పిడుగు కూతురు ఈరోజు తన మొదటి రేసు గెలిచింది! దాని మీద స్వారీ చేసింది నేనే! అమ్మకు మాత్రం చెప్పకు. నేనిక్కడ గుర్రాలను కడిగి మేత వేస్తున్నానని అనుకుంటోంది.

పిడుగు మీద పదకొండు రేసులు గెలిచావు. పన్నెండో దాంట్లో మీరిద్దరూ పడ్డారు. అయిదేళ్లుగా నువ్వు ఈ గుర్రపుశాల గేటు దాటలేదు, పిడుగు ఎలా ఉందని అడగనూ లేదు. అందుకే దానికి కూతురు పుట్టిందనీ, పొట్టిదని ఎవరూ కొనలేదనీ నీకు రాయలేదు.

చివరి మలుపు దాకా మేమే ఆఖరు. అక్కడ అది బెదిరింది కూడా. మలుపు దాటగానే చెవులు వెనక్కి వాల్చింది, అచ్చం తల్లిలాగే! నేను కళ్లెం వదులు చేశాను. ముందున్న గుర్రాలన్నీ ఒక్కొక్కటే వెనకబడ్డాయి. మెడంత తేడాతో గెలిచాం!

ట్రైనర్ గారు కళ్లు తుడుచుకుంటూ నా వీపు చరిచారు. "మలుపంటే దీనికి భయమమ్మా. అది పోగొట్టగలిగేది మీ అన్నొక్కడే. చేతికర్రతోనైనా సరే, రమ్మను" అన్నారు.

తిరిగొచ్చేసరికి పిడుగు కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. అదీ ఇప్పుడు కుంటుతుందన్నయ్యా. అయినా ఆ కాలితోనే కూతురికి ఎదురొచ్చింది.

ఆదివారం పొద్దున్నే బండి పంపిస్తున్నాం. ఎక్కు.

నీ చెల్లి