సబ్బుపెట్టెలో పాటలు

జూన్ 3, మంగళవారం

అన్నయ్య పడ్డాడు. బాత్రూమ్ గడప దగ్గర. మోచేతి చర్మం లేచింది, ఎముక బాగానే ఉంది. తప్పు అన్నయ్యది కాదు, కాలిది కూడా కాదు. ఫోన్‌ది.

నాలుగేళ్లయింది పార్కిన్సన్స్ వచ్చి. మొదట చెయ్యి వణికింది. నిచ్చెనెక్కి మనిషెత్తు అక్షరాలతో సైన్‌బోర్డులు రాసిన చెయ్యి. ఇప్పుడు సంతకం చేస్తే చీమల బారులా ఉంటుంది. తర్వాత కాళ్ల వంతు వచ్చింది. గదిలో నడుస్తాడు. గుమ్మం రాగానే పాదాలకు మేకులు కొట్టినట్టు ఆగిపోతాడు.

పోయిన నెల ఫిజియో అమ్మాయి ఒక చిట్కా చెప్పింది. దరువు బాగా తెలిసే పాట పెట్టుకోండి, దాని మీద అడుగు దానంతటదే పడుతుంది అని. నేను నమ్మలేదు. కళ్లతో చూశాక నమ్మాను. పాట మోగుతుంటే గుమ్మాన్ని అసలు గుమ్మమే కాదన్నట్టు దాటేశాడు.

ఈ రోజు కూడా ఫోన్‌లో పాట పెట్టుకుని గడప మీద కాలు వేశాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేసి పర్సనల్ లోన్ కావాలా సార్ అన్నారట. పాట ఆగింది. కాలు ఆగింది. ఒళ్లు మాత్రం ఆగలేదు.

ఇది చాలదని గోరుచుట్టు మీద రోకటిపోటులా వదిన సెలవు ఇరవై తొమ్మిదితో అయిపోతోంది. వదిన ఒక హాస్టల్లో స్టోర్ కీపర్. ఇక పొడిగించేది లేదని మేనేజర్ తేల్చేశాడు. ఆలోగా అన్నయ్య ఇంట్లో మూడు గుమ్మాలూ ఒంటరిగా దాటగలగాలి. లేకపోతే వదిన ఉద్యోగం మానెయ్యాలి. నేను మానేస్తాను అంటే ఇద్దరూ కలిసి తిట్టారు. ఆ ఒక్క విషయంలో వాళ్లకి భలే పొత్తు కుదురుతుంది.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టమన్నాను. మరి నేను చేస్తే ఎలా మోగుతుందమ్మా అంది వదిన. అదీ నిజమే. కాబట్టి పాటలు పాడటం తప్ప మరో పని తెలియని డబ్బా ఒకటి కావాలి. తెచ్చే పూచీ నాది అన్నాను.


జూన్ 4

ఫోన్ రాకూడదు. వైర్లు వేలాడకూడదు, కాళ్లకి చుట్టుకుంటాయి. స్పీకరు దాంట్లోనే ఉండాలి. టచ్ స్క్రీన్ వద్దే వద్దు, అన్నయ్య వేలు తగిలితే పాటకి బదులు కాలిక్యులేటర్ తెరుచుకుంటుంది. రోజుకి నాలుగుసార్లు కింద పడినా బతకాలి. మా తాహతులో ఉండాలి.

పెద్ద షోరూమ్‌లో సేల్స్ మనిషికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, చివరికి ఒక ఫోన్ చూపించాడు.


జూన్ 6, సాయంత్రం

దొరికింది.

బస్టాండ్ వెనక సందులో ఒక పాత రిపేరు షాపు ఉంది. అద్దాల బీరువాలో మూడు పాటల ప్లేయర్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వెండి రంగుది ఒకటి, క్లిప్పు ఉన్న ప్లాస్టిక్‌ది ఒకటి, నల్లటి ఇనుప ఒంటిది ఒకటి. మూడూ గట్టివేనమ్మా అన్నాడు షాపాయన. గట్టివో కాదో నేను చూస్తాను, ఒకసారి కింద పడేస్తాను అన్నాను. నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

పాపం, తనకి తెలియదు కదా. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో నా ఉద్యోగమే పడేయడం. ప్యాక్ చేసిన పెట్టెని కొలిచిన ఎత్తు నుంచి సిమెంటు నేల మీద వదలాలి. ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాలు. మొత్తం పది దెబ్బలు. తర్వాత విప్పి, ఫ్యాన్ తిరిగితే పాస్. పదకొండేళ్లుగా ఇదే పని. ఇంట్లో మాత్రం నా చేతిలోంచి ఒక్క గ్లాసు పడింది లేదు.

పగిలినవాటికి డబ్బు ఇస్తానన్న మాట మీద ఒప్పుకున్నాడు. స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. వెండిది రెండో అంచుకే బ్యాటరీ కక్కేసింది. ప్లాస్టిక్‌ది మూల మీద పడి బీరువా కిందికి దొర్లింది, తీసేసరికి మూగది. నల్లది పది దెబ్బలూ తిని కూడా పాడుతూనే ఉంది. నడుమ ఒక్క మాట కూడా మింగలేదు.

చచ్చిన రెండింటికీ డబ్బిచ్చి, బతికినదాన్ని కొని తెచ్చుకున్నాను. దారంతా జేబులో చెయ్యి పెట్టి దాన్ని తడుముకుంటూనే ఉన్నాను. చాలా సంతోషంగా ఉంది. ఎవరితోనూ చెప్పను, ఇక్కడ రాసుకుంటాను.


జూన్ 7

నా అంత తెలివితక్కువది ఈ వీధిలోనే లేదు.

బటన్లు నొక్కడం కుదరడం లేదు. నాకు కుదురుతుంది. అన్నయ్యకి కాదు. పెసరగింజంత బటన్లు, ఒంటికి అతుక్కున్నట్టు, బిగుతుగా ఉన్నాయి. అవి బయటికి పొడుచుకు రాలేదు కాబట్టే అన్ని దెబ్బలకీ నిలబడింది. నేను మెచ్చుకున్న గుణమే అన్నయ్యకి అడ్డం. బొటనవేలితో అదిమేకొద్దీ వణుకు పెరుగుతుంది, వేలు జారుతుంది. పావుగంట ప్రయత్నించాడు. చెమట పట్టింది. చివరికి దాన్ని నా చేతిలో పెట్టి, బాగా పెంచావే దీన్ని, బయటివాళ్ల మాట వినదు అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. పదిసార్లు కింద పడేసి చూశాను. ఒక్కసారి అన్నయ్య చేతికిచ్చి చూడలేదు.


జూన్ 8

వదిన నన్ను ఒక తెల్లకాగితం అడిగింది. రాజీనామా రాయడానికి. ఇచ్చాను.


జూన్ 11

ఈ రోజు కన్వేయర్ బెల్టు దగ్గర నిలబడి, రోజూ చూసేదాన్నే మొదటిసారి చూశాను. ఎర్ర బటన్. పుట్టగొడుగులా, అరచెయ్యంత. కంగారులో ఉన్నవాడు మోచేత్తో కొట్టినా పనిచేసేలా పెట్టారు దాన్ని. వేలు వణికినా సరే, గురి తప్పినా సరే.

భోజనాల వేళ ఎలక్ట్రీషియన్ని పట్టుకున్నాను. మన అత్యవసర బటన్ అయితే నొక్కితే నొక్కినట్టే ఉండిపోతుంది, నీకు నొక్కి వదిలితే లేచేది కావాలి అన్నాడు. స్క్రాపు డబ్బాలో వెతికి ఇచ్చాడు. పాత ఎర్రది. అంచు కొంచెం చిట్లింది. సూపర్‌వైజరు దానికి గేట్ పాస్ రాశాడు: పనికిరాని బటన్ ఒకటి. కారణం అన్నచోట ఏం రాయాలని అడిగాడు. మా అన్నయ్య బాత్రూమ్‌కి వెళ్లడానికి అని చెప్పాను. సొంత అవసరం అని రాసుకున్నాడు.


జూన్ 12

ఈసారి బుద్ధి వచ్చింది. బటన్‌తో పాటు అన్నయ్యనీ రిపేరు షాపుకి తీసుకెళ్లాను.

ఆటో దిగి షాపు మెట్టు దాకా బాగానే వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. చెయ్యి పట్టుకుని లాగితే ఇంకా బిగుసుకుంటాడు, నాకు తెలుసు. వెనక ఎవరో జరగండి అన్నారు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. దరువు సంగతి షాపాయనకి మొన్ననే చెప్పాను. స్క్రూడ్రైవర్ పిడితో కౌంటర్ మీద టక్, టక్, టక్ అని సమంగా కొట్టడం మొదలుపెట్టాడు. అన్నయ్య కాలు లేచింది. నాలుగు అడుగుల్లో లోపలున్నాడు.

కూర్చోగానే అన్నయ్య చెప్పిన మొదటి మాట, మీ బోర్డు నేను రాసిందే అని. ఇరవై ఏళ్ల క్రితం అట. చివరి అక్షరం ఇరికించాల్సి వచ్చింది, చోటు ముందే కొలుచుకోవాల్సింది, ఇప్పటికీ ఆ సందులోకి రావాలంటే సిగ్గు అన్నాడు. షాపాయన బయటికి వెళ్లి, తలెత్తి, తన బోర్డుని తనే కొత్తగా చూసి వచ్చాడు. ఇన్నాళ్లూ నాకు కనిపించలేదు, ఇక రోజూ అదే కనిపిస్తుంది అన్నాడు.

ఇద్దరూ కలిసి ఎర్ర బటన్‌ని పావుగంట పరీక్ష చేశారు. అరచేత్తో, పిడికిలితో, మణికట్టుతో. నన్ను ఎవరూ పిలవలేదు.


జూన్ 14, శనివారం

తయారైంది. నల్లదాని ఒళ్లు విప్పి, లోపలినుంచి రెండు సన్నటి వైర్లు లాగి ఎర్ర బటన్‌కి అతికాడు. రెండింటినీ ఒక పెద్ద నీలం సబ్బుపెట్టెలో బిగించి, స్పీకరు దగ్గర చిల్లులు పొడిచాడు. మెడలో వేసుకోవడానికి పాత బ్యాగు పట్టీ. పాటలు ఫిజియో అమ్మాయి ఎక్కించింది, అన్నయ్య అడుగుకి సరిపోయే వేగమున్నవి ఏరి. చూడటానికి మాత్రం స్నానానికి బయలుదేరిన మనిషిలా ఉంటాడు.

ఎర్రది ఒక్క దెబ్బ కొట్టాడు. పాట వచ్చింది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మూల మీద పడేసి చూస్తానని అడిగాను. విరుగుతుంది అంది వదిన. పెట్టె కాదు, నా చెయ్యి.

సాయంత్రం అన్నయ్యే పట్టీ తగిలించుకోబోయి జారవిడిచాడు. నేరుగా మూల మీద పడింది. మా లెక్కలో అన్నిటికంటే గట్టి దెబ్బ అదే. ముగ్గురం కదల్లేదు. పెట్టె నేల మీద పడుకునే పాడుతోంది. పాస్ అన్నాడు అన్నయ్య.


జూన్ 17, ఉదయం 6:40

బాత్రూమ్ గుమ్మం. ఒంటరిగా. వదిన తలుపు వెనక, నేను మెట్ల మీద, ఇద్దరం దొంగల్లా.


జూన్ 21

ఎప్పుడూ అంతా మనం అనుకున్నట్టే జరుగుతుందా.

మధ్యాహ్నం వంటింటి గుమ్మం మధ్యలో ఛార్జింగ్ అయిపోయింది. నిన్న పెట్టాల్సింది నేనే, మరిచిపోయాను. ఫోన్ వచ్చినప్పటి లాగే పాట సగంలో తెగింది. వదిన పరిగెత్తబోతే అన్నయ్య చేత్తో వారించాడట. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడట. ఒక నిమిషమో రెండో. తర్వాత ఆ పాట మిగతా సగం తనే నోటితో అందుకున్నాడట. శ్రుతి గాలికి వదిలేసి, దరువు మాత్రం గట్టిగా. దాని మీదే దాటేశాడు.

ఇదంతా వదిన చెప్పింది. ఫిజియో అమ్మాయికి ఫోన్ చేస్తే, మంచిదే, కానీ దాన్ని నమ్ముకోవద్దు, ఛార్జింగ్ పెట్టండి అంది. జబ్బు ఎక్కడికీ పోలేదు, పోదు. నాకు తెలుసు. అయినా ఈ రాత్రి నాకు ఆశగా ఉంది, అది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

ఇక నుంచి పళ్లు తోముకునే ముందు పెట్టెకి ఛార్జింగ్. గోడ మీద రాసి అంటించాను.


జూన్ 27

పదకొండో రోజు. మూడు గుమ్మాలూ. ఒక్కసారి కూడా పడలేదు. ఆగాడు, చాలాసార్లే ఆగాడు. పెట్టె మీద ఒక దెబ్బ వేసుకుని మళ్లీ కదిలాడు.

ఈ రోజు వదిన నన్ను బజారుకి పంపింది. చేతిలో లిస్టు పెట్టింది. సబ్బులు, పప్పు, లంచ్ బాక్సుకి కొత్త మూత. బజారులో లిస్టు తిరగేసి చూశాను. నేనిచ్చిన తెల్లకాగితమే. పైన మేనేజర్ గారికి అని ఒక్క లైను ఉంది, అడ్డంగా కొట్టేసి ఉంది.

లంచ్ బాక్సు మూత కాస్త మంచిదే కొన్నాను.


జూన్ 30

పొట్టీ, ఇది నేను. నీ డైరీ చదవలేదు, ఖాళీ పేజీ మాత్రమే తెరిచాను. అక్షరాలు చిన్నవి, కళ్లజోడు పెట్టుకో.

మీ వదిన తొమ్మిదింటికి వెళ్లింది. నేను మూడు గుమ్మాలయ్యాక నాలుగోది కూడా దాటాను. గేటు. ఏడాది తర్వాత, పక్కన ఎవరూ లేకుండా, మన ఇంటిని బయటినుంచి చూశాను.

గేటు మీద నంబరు వెలిసిపోయింది. సైన్‌బోర్డులవాడి ఇల్లు అంటే ఎవరైనా నవ్విపోతారు. వచ్చేటప్పుడు నల్ల పెయింటు చిన్న డబ్బా తీసుకురా. మూత గట్టిగా ఉండేది కాదు, నేను తియ్యగలిగేది.