కొలతకి దొరకని తోక

నవంబర్ 2, ఆదివారం

తోక చిరిగింది. మడమ దగ్గర, బెత్తెడు.

భీమిలి రోడ్డులో పుట్టినరోజు. ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్, చుట్టూ బుడగలు, నీళ్ళలో మత్స్యకన్య వేషంలో నేను. అరగంట బాగానే గడిచింది. చివర్లో ఫోటో కోసం గట్టు మీద కూర్చుంటే ఆరేళ్ళ పిల్ల ఒకతె వచ్చి తోక చివరి రెక్క పట్టుకుని లాగింది. చిరుగులోంచి నా బొటనవేలు. 'మమ్మీ, ఈవిడకి కాళ్ళున్నాయి.' అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కిరణ్ కారు దగ్గర పట్టుకున్నాడు. పార్టీలు కుదిర్చేది అతనే, వినక తప్పదు. 'మేడమ్, ఈ గుడ్డ తోకతో ఇంక నడవదు. ముప్పయ్యో తారీకు రిసార్టులో పెద్ద ఫంక్షనుంది. మంచి తోక చూసుకోండి.'

చూసుకోండి అన్నాడు. కొంటాను అనలేదు.

నవంబర్ 3

మోకాళ్ళ నొప్పి. పొద్దున్న ఐదున్నరకే పిల్లలకి ఈత క్లాసు. నీళ్ళు చల్లబడ్డాయి.

నవంబర్ 4, మంగళవారం

అత్త చూసేసింది. ఎలమంచిలి నుంచి వచ్చి వారం. ఇన్నాళ్ళూ తోకని డాబా మీద దుప్పటి చాటున ఆరేసేదాన్ని. ఇవాళ గాలికి దుప్పటి ఎగిరింది. వడియాలు తియ్యడానికి వచ్చిన మనిషి అలాగే నిలబడిపోయింది.

'ఇదేటే పార్వతీ?'

చెప్పాను. ఇంక దాచి ఏం లాభం. తొడుక్కుని నీళ్ళలోకి దిగుతానని, పిల్లలు చూస్తారని.

'సూసినందుకు డబ్బులిత్తారా?'

'ఇత్తారత్తా.'

'కాల్లు రెండూ ఇందులోనే ఎట్టీసుకుంతావా?'

'ఊఁ.'

చాలాసేపు కుట్లు తడిమి చూసింది. తిడుతుందనుకున్నాను. 'మరైతే గట్టిగా కుట్టించుకోవేటి. నూలు దారం నీల్లకి ఆగుతాదేటి' అని వడియాల పళ్ళెం పట్టుకుని దిగిపోయింది.

ఊళ్ళో అందరికీ 'మా ఆవిడ స్విమ్మింగ్ టీచరు' అని మాత్రమే చెప్పుకునే ఆయన... అన్నం దగ్గర తలెత్తలేదు.

నవంబర్ 5

ఫోనులో వెతికాను. సిలికాన్ తోకలు — నిజం చేప చర్మంలా, పొలుసు పొలుసుకీ రంగు. కొత్తదైతే స్కూటీ ధర. ముంబై నుంచి రావాలి, నెలన్నర పడుతుంది. గుడ్డవి చవక. కొన్నవాళ్ళు కింద రాసిన మాటలు చదివాను. 'మా పాపకి చాలా నచ్చింది.' అన్నీ పాపలే. ముప్పై ఏడేళ్ళ ఆడదానికి సరిపోయిందని ఒక్కరూ రాయలేదు.

గుడ్డదే ఒకటి, ఎల్ సైజు, ఆర్డరు పెట్టాను.

నవంబర్ 8, శనివారం

వచ్చింది. తొడల దగ్గర ఆగిపోయింది. ఎవరి కొలతకి 'ఎల్' అన్నారో. బాత్రూములో తడిపి వెలుతురుకి పట్టుకుంటే అవతల బకెట్టు కనిపించింది. ఇది వేసుకుని అంతమంది మగాళ్ళ ముందు...

వెనక్కి తీసుకోరట. ఒంటి మీద వేసుకునేవి తీసుకోరట. మడిచి డబ్బాలో పెట్టేశాను.

నవంబర్ 11, మంగళవారం

తగరపువలస వెళ్ళాం. సునీత నంబరు కిరణ్ ఇచ్చాడు — రెండేళ్ళు ఇదే పని చేసి మానేసిన అమ్మాయి. ఇప్పుడు మార్కెట్లో ఫ్యాన్సీ షాపు, వెనకే ఇల్లు. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో ఇవాళ వీక్లీ ఆఫ్, బండి మీద తీసుకెళ్ళాడు.

మంచం కింద నుంచి లాగింది. పౌడరు చల్లి దుప్పట్లో చుట్టిన సిలికాన్ తోక. ఆకుపచ్చ, అంచుల్లో బంగారు రంగు. ఎంత అందంగా ఉందో. ఎత్తబోతే లేవలేదు. బియ్యం బస్తా బరువు.

నేనడిగిన ధరకి ఒప్పేసుకుంది. బేరమే లేదు. అందుకే అనుమానం వచ్చింది.

'ఎందుకు మానీసేవమ్మా?'

బొట్టుబిళ్ళల అట్టలు సర్దుతూ చెప్పింది. 'ఓ పెళ్ళిలో, అక్కా. నీల్లలోకి దిగేక లోపలికి నీరెక్కీసింది. తేలలేకపోనాను. సేతులూపేను. అందరూ సప్పట్లు కొట్టేరు.'

ఆట అనుకున్నారట.

'మరెలా బయటపడ్డావు?'

'కేటరింగు కుర్రోడు దూకేడు. ఆడొక్కడికే తెలిసింది.' అట్టలు పక్కన పెట్టి, 'డబ్బులు తరవాతక్కా. ముందు పట్టుకెల్లి తొడిగి సూడు. నీల్లలో పక్కనో మనిషుంటేనే తొడుక్కో. ఆ మాటిత్తేనే.'

మాటిచ్చాను.

తిరుగుదారిలో తోక మా ఇద్దరి మధ్య, మూడో మనిషిలా. మధురవాడ సిగ్నల్ దగ్గర అందరూ చూశారు. ఆయన హెల్మెట్ అద్దం దించుకున్నాడు. 'ఇంత బరువు నువ్వు మొయ్యగలవేటి' — అన్నది ఇంతే.

నవంబర్ 13, గురువారం

పిల్లల క్లాసయ్యాక, పూల్ ఖాళీ అయ్యాక. పక్కన మనిషిగా దివ్య. క్లాసులో, ఒక్కోసారి పార్టీల్లోనూ, నాకు సాయం చేసే అమ్మాయి, ఇరవై రెండేళ్ళు, వ్యాయామ టీచరు కోర్సు చదువుతోంది. కాళ్ళకి కొబ్బరినూనె రాసుకున్నా తోక ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఇద్దరం లాగితే.

మొదట బాగుంది. ఎంత బాగుందో అది కూడా రాయాలి. నీళ్ళలో ఆ బరువు తెలియలేదు. ఒక్క తోపుకి సగం పూల్ దాటాను. మోకాళ్ళ నొప్పి లేదు. వయసు లేదు.

తర్వాత నడుము దగ్గర సందులోంచి నీరు దూరింది. చల్లగా, కాళ్ళ వెంట కిందికి... బరువు. తన్నాను. రెండు కాళ్ళూ కలిసి ఒకటే రాయి. మా ఊరి నేలనూతిలో, వీపుకి సొరబుర్ర కట్టుకుని నేర్చుకున్న ఈత. పదిమందికి నేర్పి బతుకుతున్న ఈత. చేతులు ఎలా వెయ్యాలో తెలియలేదు. అడుగున పలకల మీద నల్లగీత దగ్గరవుతోంది...

దివ్య జుట్టు పట్టుకుని లాగింది.

గట్టు మీద కక్కుకున్నాను. ఇద్దరం కలిసి తోక ఊడదీశాం. తర్వాత తనే — 'ఆడతన్నావనుకున్నానక్కా. ఓ నిమిసం సూత్తూ ఉండిపోనాను.' ఏడ్చింది. నేనే ఓదార్చాను.

నవంబర్ 14

ఇంట్లో చెప్పలేదు. జలుబన్నాను.

నవంబర్ 16, ఆదివారం

దివ్యా నేనూ ఆటోలో వెళ్ళి తోక సునీతకి తిరిగి ఇచ్చేశాం. ఏమైందని అడగలేదు. నా మొహం చూసి టీ పెట్టింది.

కిరణ్‌కి ఫోను చేసి ఆ తోక నేను వేసుకోనని చెప్పాను. 'సరే మేడమ్, ఇంకోటి చూడండి. టైము లేదు.'

నవంబర్ 18, మంగళవారం

వన్ టౌన్. మస్తాన్ భాయ్ కొట్టు. బడుల్లో యానివర్సరీలకి నెమళ్ళు, పులులు, అన్నీ ఆయన కుట్టినవే. చేప మాత్రం ఇదే మొదలట. నా పాత తోకని లోపలా బయటా తిప్పి చూశాడు. మెరుపు ఎంత కావాలని అడుగుతాడనుకున్నాను.

'అమ్మా, లోపలున్న కాలు బయటికెట్లా వస్తాది?'

ఇన్నేళ్ళలో ఈ మాట అడిగిన మనిషి లేడు.

జిప్పు వద్దన్నాడు. తడిస్తే మొండికేస్తుందట. నడుముకి వెడల్పు ఎలాస్టిక్, లైక్రా గుడ్డ రెండు పొరలు, రెక్క దగ్గర పాదాలకి వదులు. నైలాన్ దారంతోనే కుడతారు కదా అంటే నొచ్చుకున్నాడు. 'మరి నూలుతో కుడతానా?'

కొలతలు ఆయన భార్య నూర్జహాన్ లోపలి గదిలో తీసింది. నడుము, తుంటి, తొడ, మోకాలు, పిక్క, చీలమండ. తీసిన అంకె తీసినట్టు బయటికి కేకేస్తోంది, ఆయన రాసుకుంటున్నాడు. నా తుంటి కొలత సందంతా వినే ఉంటుంది. 'సిగ్గెందుకు చెల్లీ. ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి కొలతలు తీసినా, ఇంత గట్టి పిక్కలు ఎవరికీ లేవు.'

నవ్వొచ్చింది. చాలా రోజులకి.

నవంబర్ 22, శనివారం

తోక చేతికొచ్చింది. ముదురు నీలం. పొలుసులు మస్తాన్ భాయ్ స్పాంజితో అద్దాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. దగ్గర్నుంచి చూస్తే గుడ్డే అని తెలిసిపోతుంది.

దివ్య నీళ్ళలో పక్కనే ఉంది. ఎలాస్టిక్ కిందికి తోసి ఒక్క లాగు — కాళ్ళు బయట. మళ్ళీ. మళ్ళీ. ఎనిమిదిసార్లు తీశాను, ఎనిమిదిసార్లూ వచ్చాయి. ఆఖరిసారి వదిలేస్తే తోక ఒక్కటే తేలుకుంటూ అవతలి గట్టుకి పోయింది.

'అందంగా లేదు కదక్కా?'

'లేదు.'

లేదు. నాకు నచ్చింది.

నవంబర్ 24

కిరణ్‌కి ఫోటో పంపాను. రెండు గంటలు జవాబు లేదు. తర్వాత ఫోను.

'ఏమనుకోవద్దు మేడమ్. చిన్న చిన్న బర్త్‌డేలకి ఓకే. రిసార్టు వాళ్ళ కంటికి ఇది ఆనదు. సునీత దగ్గరది నేనే కొనేశాను.'

'అది నేను వేసుకోనన్నాను కదా.'

'మీరు కాదు మేడమ్. మీ దివ్య ఒప్పుకుంది.'

మీ దివ్య.

నవంబర్ 25, మంగళవారం

పిల్లలు పట్టుకుని ఈదే పలకలు సర్దుతోంది దివ్య. తలెత్తదు.

'నన్ను లాగింది నువ్వే కదే.'

'ఔనక్కా.'

'ఎలా మునిగిపోనానో సూసేవు కదా.'

'సూసేను. ఏటనుకోకు... నీకు కాల్ల నెప్పులు. నా కాల్లలో బలముంది.'

ఏమనుకోను. నిజమే కదా. కోపం కిరణ్ మీద. కొంచెం దివ్య మీద కూడా. ఆ ఆకుపచ్చ తోకలో ఉండాల్సింది నేను అన్న కోపం కూడా కొంచెం ఉందేమో. ఉంది.

గేటు దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. 'అక్కా, నువ్వొత్తావా? నీల్లలో నా పక్కన?'

సాయంత్రం సునీత ఫోను. 'పక్కన మనిషిని ఎడతాననే సెప్పేడక్కా ఆ కిరణు. అందుకే ఇచ్చీసేను.'

ఆ మనిషిని నేనే. నాకే ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 30, ఆదివారం

రిసార్టు. దివ్యకి తోక తొడిగాను. నేను నల్ల స్విమ్ డ్రెస్సు, నల్ల టోపీ. 'ఫోటోల్లో పడకుండా చూసుకోండి మేడమ్.' మూల గోడకి ఆనుకుని, గడ్డం దాకా నీళ్ళలో ఉన్నాను.

ముందే గుర్తు పెట్టుకున్నాం. చెయ్యి ఊపితే ఆట. పిడికిలి బిగిస్తే ఆట కాదు.

ఎంత బాగుందో దివ్య. పెద్దవాళ్ళు కూడా తిండి మానేసి చూశారు. మూడో మునకలో పిడికిలి కనిపించింది. కిందనుంచి వెళ్ళి నడుము పట్టి గట్టు మీదకి తోశాను. బోర్లా పడి రెండుసార్లు దగ్గి, వెంటనే తలెత్తి పిల్లలకి చెయ్యూపింది. నవ్వింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. అలా నవ్వమని నేర్పింది నేనే.

తోక తీసేసరికి చీలమండల చుట్టూ ఎర్రటి గాట్లు. కిరణ్ సంతోషం చెప్పలేం. 'వచ్చే ఆదివారం మళ్ళీ ఇక్కడే, పదకొండింటికి.'

'నేను నీళ్ళలో ఉండాలంటే నాకూ ఇవ్వాలి కదా?'

'సేఫ్టీకని క్లయింట్ ఇవ్వరు మేడమ్. చూద్దాం.'

డిసెంబర్ 2, మంగళవారం

ఇంట్లో అంతా చెప్పేశాను. పదమూడో తారీకు సంగతి కూడా. అత్త పప్పు రుబ్బడం ఆపేసింది.

ఆయన — 'మానీ.'

'ఏది? నా తోకా, దివ్య పక్కన ఉండడమా?'

'రెండూ.'

అని కంచం తీసుకుని వెళ్ళి తనే కడుక్కున్నాడు. ఎప్పుడూ కడగని మనిషి.

డిసెంబర్ 4

నా తోకకి మొదటి పిలుపు. కిరణ్ ద్వారా కాదు. ఇక్కడే గాజువాకలో, మా ఇంటికి రెండు వీధుల అవతల, అపార్టుమెంటు మీద చిన్న పూల్. ఒక బడిలో క్లర్కుగా చేస్తుందట ఆవిడ, కూతురికి ఏడో పుట్టినరోజు. ఫోటో చూసి 'మీరే కుట్టించుకున్నారా? భలే ఉందండీ' అంది. ఆదివారం అంది. వెంటనే సరే అన్నాను. ఎన్నింటికి అని నేను అడిగింది ఆ తర్వాతే.

దివ్యకి ఈసారి రాలేనని చెప్పాను. 'కిరణ్ గారు ఎవలో మనిసినెడతానన్నారులే.'

'ఆడికి మన గుర్తు తెలుసా?'

'సెప్తాను.'

డిసెంబర్ 6, శనివారం

క్లాసులో దివ్య ఎదురుపడకుండా తిరిగింది. నేనే పట్టుకున్నాను. నా తోక తీసుకుని అది వేసుకుని వెళ్ళమన్నాను. అక్కడే తొడిగి చూశాం. నా కొలత. తన నడుము మీద నిలవలేదు, జారి మోకాళ్ళ మీద పడింది. ఇద్దరికీ నవ్వొచ్చింది... ఆగిపోయింది. అయినా కిరణ్ ఒప్పుకోడు.

కిరణ్‌కి ఫోను చేశాను. ఆ పిల్లని దింపొద్దన్నాను. 'తన ఇష్టమే కదా మేడమ్' అన్నాడు. మంచిగానే అన్నాడు.

సాయంత్రం క్లర్కు ఆవిడ ఫోను. 'మా పాప ఒకటే గొడవండీ, మత్స్యకన్యకి నీళ్ళు చల్లగా ఉంటాయి, వేణ్ణీళ్ళు కాచి పొయ్యమని. వస్తున్నారు కదా?'

'వస్తానండీ.'

పెట్టెయ్యగానే దివ్య మెసేజ్. కిరణ్ పెడతానన్న మనిషి రావడం లేదట. 'అక్కా, రేపు ఉంటావు కదా.'

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అత్త రెండుసార్లు పిలిచింది టీకి.

'ఉంటాను' అని పెట్టాను.

ఇక్కడి నుంచి రిసార్టుకి బస్సులో గంటన్నర. రెండూ పదకొండింటికే.