తెచ్చినందుకు చార్జీ

తమ్ముడూ,

ఇక్కడ అందరం బాగున్నాం. కారు కొనేశాం. నువ్వు భయపడ్డట్టు మాకెవరూ టోపీ పెట్టలేదు, పెట్టబోయారంతే. షోరూములో నోటితో చెప్పిన ధర ఒకటి, బిల్లులో వేసింది ఇంకొకటి. కాళ్ల కింద పట్టాలు, సెంటు సీసా అన్నీ కలిపేశారు. ఒక్కొక్కటీ కొట్టేయించాను. చివరికి హ్యాండ్లింగ్ చార్జీ మిగిలింది. అదేమిటని అడిగాను.

"గోడౌన్ నుంచి ఇక్కడికి కారు తెచ్చినందుకండీ," అన్నాడు మేనేజరు.

"అయితే తేవద్దు. మేమే వెళ్లి తెచ్చుకుంటాం," అన్నాను. నవ్వాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఆఖరికి అదీ కొట్టేశాడు.

బస్సెక్కి గోడౌన్‌కి వెళ్లాం. మీ బావే నడుపుకొచ్చారు. ఇంటి ముందు కారు ఆపి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, "మరి తెచ్చినందుకు నా చార్జీ?" అన్నారు! రోజూ రెండో కాఫీకి బేరం కుదిరింది.

అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? కళ్లజోడు బాగు చేయించావా? ఆదివారం వచ్చి అమ్మని తీసుకొస్తాం. ఇక బస్సు మెట్లెక్కే బాధ లేదు, ముందు సీటు తనదే. సామాను మాత్రం ఒక్క పెట్టెకి మించొద్దని చెప్పు. మీ బావ దానికీ చార్జీ అడుగుతారు.

మరదలికి ఆశీస్సులు, చంటిదానికి ముద్దులు.

అక్క