కోటలో మగ్గం గుంత

పెనుకొండ,
12-2-1961

నాయనకు నమస్కారం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందనుకుంటాను.

మగ్గం గుంతలో ఇక కాళ్లు పెట్టనని చెప్పి, ఈ తవ్వకాల ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మీరు నాతో మాట్లాడడం లేదు. అయినా ఈ సంగతి మీకే రాయాలనిపించింది.

ఇక్కడ కోటలో పాత ఇళ్ల పునాదులు తవ్వుతుంటే చిన్న గుంత ఒకటి బయటపడింది. ధాన్యం దాచే పాతర కావచ్చని మా ప్రొఫెసరు గారు అన్నారు. అందరూ భోజనానికి వెళ్లాక నేను దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేశాను. కాళ్లు వాటంతటవే తొక్కుడు చెక్కల కోసం వెతికాయి. అది మగ్గం గుంతే నాయనా! రాజుల మహళ్లకు శాసనాలుంటాయి. నేసినవాడి ఇంటికి ఈ గుంత తప్ప ఏ గుర్తు మిగులుతుంది?

నా కాళ్లే రుజువని రిపోర్టులో ఎలా రాయను? సంగతి చెబితే, ముసలి నేతగాడెవరైనా వచ్చి చూస్తే బాగుంటుందని ప్రొఫెసరు గారే అన్నారు. వచ్చే ఆదివారం పాసింజరుకు బయలుదేరండి, స్టేషనుకు నేనే వస్తాను.

ఇల్లు వదిలిన రోజు, "యాడికి పోయినా మళ్లా ఈ గుంతలోకే వస్తావు పోరా!" అన్నారు మీరు.

వచ్చాను నాయనా. మీరూ రండి.

మీ పెద్దోడు